రెండు టాంకుల ఇంజను - మార్పు కుళాయి మరమ్మతు

పంచాయతీ కార్యాలయము వెనుకనున్న కొట్టులో, గోనెపట్టా కప్పుకొని పడియుండు పాత ఇంజనును గురించి ఈ నెల ముచ్చటింప దలచితిమి. దానిపై రెండు టాంకులుండును. చిన్నది పెట్రోలునకు, పెద్దది కిరసనాయిలునకు. రెంటి నుండి వచ్చు గొట్టములు ఒక చిన్న కుళాయి వద్ద కలిసికొనును. అక్కడ నుండి ఒకే గొట్టము కార్బురేటరునకు పోవును. కరెంటు ఉన్నన్నాళ్లు ఈ ఇంజను ఎవరికిని జ్ఞాపకము రాదు. కరెంటు పోయిన మూడవనాడు ఊరంతయు దాని చుట్టు నిలుచును.

2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్నము వద్ద తీరము దాటినది. స్తంభములు కూలి అనేక గ్రామములకు చాల దినములు కరెంటు లేకపోయెను. ఆ దినములలో మేము చూచిన ఒక గ్రామమున మంచినీటి బావి గట్టుపై ఇట్టి ఇంజను ఒకటి ఉన్నది. రెండు టాంకులలోను నూనె ఉన్నది, ప్లగ్గు క్రొత్తది. ఇద్దరు యువకులు తాడు లాగి లాగి చేతులు బొబ్బలెక్కించుకొనిరి. ఇంజను మాత్రము పలుకలేదు. బిందెల వరుస పెరుగుచుండెను. పొరుగూరి నుండి వచ్చిన వృద్ధ మెకానికు ఒకడు కార్బురేటరు అడుగునున్న మరను వదులుచేసి, గిన్నెలోని నూనెను అరచేతిలో పట్టి వాసన చూచి, “ఇది కిరసనాయిలు బాబూ, పెట్రోలు కాదు” అనెను. దానిని తీసివేసి పెట్రోలు వదలగా రెండవసారి లాగుటతోనే ఇంజను అందుకొన్నది. పని అయిదు నిమిషములది. దానికొరకు ఆ ఊరు రెండు దినములు వేచినది.

ఇందులోని కిటుకు తెలిసికొన్నచో తక్కిన మరమ్మతు అంతయు సులభముగా బోధపడును. పెట్రోలు చల్లని గాలిలోనే ఆవిరియగును. కిరసనాయిలు వేడి తగిలినగాని ఆవిరి కాదు. కావున చల్లని ఇంజనును పెట్రోలుతో నడిపించి, అది బాగుగా వేడెక్కిన పిదప కిరసనాయిలునకు మార్చవలెను. ఇది అందరికిని తెలిసినదే. అంతగా తెలియనిది రెండవ సగము. ఇంజను ఆపుటకు ముందు కుళాయిని మరల పెట్రోలునకు త్రిప్పి, గొట్టములోను గిన్నెలోను ఉన్న కిరసనాయిలు ఖర్చగువరకు రెండు మూడు నిమిషములు నడిపి, అప్పుడు ఆపవలెను. అట్లు చేయకున్న గిన్నెలో కిరసనాయిలు మిగిలిపోవును. మరునాడు చల్లని ఇంజనుకు అదియే అందును. ఆ గ్రామమున జరిగినది ఇదియే. తుపానుకు కొన్ని నెలల ముందు ఇంజనును చివరిసారి ఆపినవాడు కుళాయి త్రిప్పుట మరచెను.

ఈ ఏర్పాటు మన దేశమున పుట్టినది కాదు. 1917లో ఫోర్డు కంపెనీ తయారుచేసిన ఫోర్డుసన్ ట్రాక్టరు పెట్రోలుతో మొదలై కిరసనాయిలుతో నడిచెడిది. ఇంగ్లండులో ఫెర్గూసన్ ట్రాక్టరు కూడ 1949 నుండి అట్టి రకమొకటి వచ్చినది. పెట్రోలు ఖరీదు, కిరసనాయిలు చవక, కారణమంతయు అంతియే. అమెరికాలో పాత పికప్ లారీలకు కూడ రెండు టాంకులుండెడివి గాని, రెంటిలోను పెట్రోలే, దూర ప్రయాణముల కొరకు. అక్కడను తరచుగా తంటా తెచ్చినది టాంకుల నడుమనున్న మార్పు కవాటమే. ఒక టాంకు నుండి తీసికొన్న పెట్రోలులో మిగులు రెండవ టాంకులోనికి పోయి పొర్లిన సందర్భములు కలవు. మన ఇంజనులలో కూడ మొదట చూడవలసినది ఆ కుళాయినే.

కుళాయి బాగున్నదో లేదో తెలిసికొనుటకు పనిముట్లు పెద్దగా అక్కరలేదు. ఇంజను పూర్తిగా చల్లారిన పిదప, ఆరుబయట, బీడీ గాని పొయ్యి గాని దరిదాపుల లేని చోట ఈ పరీక్ష చేయవలెను. కార్బురేటరు వద్ద గొట్టమును ఊడదీసి, దాని కొనను గాజు సీసాలో ఉంచవలెను. రెండు టాంకులలోను నూనె ఉంచి, కుళాయిని ‘మూసిన’ స్థానమున పెట్టి పది నిమిషములు చూడవలెను. ఒక్క చుక్కయైనను రారాదు. పిమ్మట కిరసనాయిలు టాంకును ఖాళీచేసి, పెట్రోలు టాంకులో పెట్రోలు ఉంచి, కుళాయిని కిరసనాయిలు వైపునకు త్రిప్పవలెను. గొట్టములోని నిలువ కారిపోయిన తరువాత సీసాలోనికి ఇంకను చుక్కలు పడుచున్న, అవి పెట్రోలు చుక్కలే. అనగా కుళాయి లోపల ఒక దారి నుండి రెండవ దారికి కారుచున్నదన్నమాట. ఇదే పరీక్షను తారుమారుగా, పెట్రోలు టాంకు ఖాళీచేసి కూడ చేయవలెను. రెండవ పరీక్ష చేయనివారే ఎక్కువ. కిరసనాయిలు పెట్రోలులో కలిసినచో ఇంజను మొరాయించును, అంతతో సరి. పెట్రోలు కిరసనాయిలులో కలియుట మాత్రము ప్రాణముల మీదికి వచ్చును. దానిని గురించి వేరుగా చెప్పెదము.

కారు కుళాయిలు రెండు విధములు. పాత ఇంజనులకు ఇత్తడి కుళాయి ఉండును. దాని లోపల కొన సన్నగిలిన ఇత్తడి బిరడా తిరుగుచుండును. దుమ్ము వలన గీతలు పడి కారుచున్న, బిరడాను తీసి శుభ్రపరచి, కవాటములు అరగదీయుటకు వాడు మెత్తని ముద్దను పలుచగా పూసి, అటు నిటు కొంతసేపు త్రిప్పి నప్పించవచ్చును. తరువాత ఆ ముద్ద లేశమైనను మిగులకుండ కడుగవలెను. మిగిలిన ముద్ద కార్బురేటరు జెట్టులోనికి పోయి క్రొత్త చిక్కు తెచ్చును. చిన్న ఇంజనులకు వచ్చునది పిడి కుళాయి. దాని ముఖమునకున్న రెండు మరలను తీసినచో ఒక రేకు, ఒక స్ప్రింగు, పిడి, దాని వెనుక రంధ్రములు గల రబ్బరు బిళ్ల కనబడును. ఆ బిళ్ల గట్టిపడిన, ఉబ్బిన, లేక నొక్కుకొనిపోయిన దానిని మార్చుట తప్ప వేరు ఉపాయము లేదు. సైకిలు ట్యూబు ముక్కను కత్తిరించి పెట్టుట మనవారికి అలవాటు. ఆ ముక్క నాటికి పని జరుపును గాని, పెట్రోలు తగిలి ఉబ్బి, కొలది దినములలో దారినే మూసివేయును. నూనెకు తట్టుకొను రబ్బరుతో చేసిన బిళ్లనే అడిగి తెప్పించుకొనవలెను. అది చిన్న వస్తువు. తుపాను మాసములకు ముందే రెండు అదనముగా తెప్పించి ఇంజను పెట్టెలో ఉంచుట మంచిది.

నేటి పెట్రోలు వెనుకటి పెట్రోలు కాదు. మన దేశమున 20 శాతము ఇథనాలు కలిసిన పెట్రోలు 2023లో అమ్మకమునకు వచ్చి, 2025 నాటికి దేశమంతట వ్యాపించినది. పాత ఇంజనులలోని రబ్బరునకును, బెండు వాషర్లకును ఇది అంతగా పడదు. మరియు ఇథనాలు నీటిని పీల్చుకొనును. నీరు ఎక్కువైనచో రెండును కలిసి టాంకు అడుగున వేరు పొరగా నిలుచును. కుళాయి అడుగు నుండియే తీసికొనును గదా! కావున నెలల తరబడి పెట్రోలు టాంకులో నిలువ ఉంచరాదు. గొట్టములను ఏటేట వంచి చూచి, పగుళ్లు కనబడిన మార్చవలెను.

ఇక ప్రాణభయపు మాట. మన దేశపు ప్రమాణముల ప్రకారము దీపమునకు వాడు కిరసనాయిలు 35 డిగ్రీల సెంటిగ్రేడు కంటె తక్కువ వేడిలో మంటనందుకొను ఆవిరి ఈయరాదు. పెట్రోలు సున్నకు సుమారు 40 డిగ్రీల దిగువనే అట్టి ఆవిరి ఇచ్చును. కొద్ది పెట్రోలు కలిసినను కిరసనాయిలు దాని గుణము పుచ్చుకొనును. చూచుటకు భేదము తెలియదు. కుళాయి కారుచున్న ఇంజను టాంకు నుండి ‘కొంచెము ఇమ్మని’ ఇంటికి కొనిపోయి లాంతరులోనో స్టౌలోనో పోసిన అది ప్రేలవచ్చును. కరెంటు లేని రాత్రులలో ఇట్టి అడుగుట సహజము, కాదనుట కష్టము. అయినను ఇంజను టాంకులోని కిరసనాయిలును ఎవరికిని, ఎంత దగ్గరి వారికైనను, ఈయరాదని పంచాయతీ తీర్మానము చేయుట అవసరమని మా అభిప్రాయము. దోమల పొగమందు కలుపుటకు కూడ దానిని వాడరాదు.

టాంకులను గురించి రెండు మాటలు చాలును. మూతలకు సన్నని గాలి రంధ్రము ఉండును. అది మూసికొనిపోయిన ఇంజను కొంతసేపు నడిచి ఆగును. మూత తెరువగానే మరల బ్రతుకును. పిన్నుతో రంధ్రము శుభ్రపరచిన సరి. టాంకునకు చిల్లి పడినచో మాత్రము ఎంతటి తొందర ఉన్నను వెల్డింగు మంటకు తీసికొనిపోరాదు. ఖాళీ టాంకు నిండు టాంకు కంటె ప్రమాదకరము. లోపల నూనె లేకున్నను ఆవిరి నిండియుండును, అది మందుగుండు వంటిది. టాంకు మార్చుటయే మేలు.

ఇంజను నూనె కొలబద్దను చూచునప్పుడు ఒక మోసము కలదు. ఇంజను వేడెక్కక మునుపే కిరసనాయిలునకు మార్చినచో అది సగము ఆవిరియై, సగము ద్రవముగానే సిలిండరు గోడల వెంట జారి, పిస్టను రింగులను దాటి అడుగునున్న నూనెలో కలియును. నూనె మట్టము తగ్గుటకు మారుగా పెరుగును. ‘మా ఇంజను నూనె త్రాగదు’ అని సంతోషించిన వారిని మేము చూచితిమి. అది సంతోషింపదగినది కాదు. పలుచబడిన నూనెతో బేరింగులు అరిగిపోవును. మట్టము పెరిగి కిరసనాయిలు వాసన వచ్చిన వెంటనే నూనె మార్చవలెను. మార్పు తొందరగా జరిగినదనుటకు వేరొక గుర్తు తెల్లని పొగ. అది కనబడగానే కుళాయిని పెట్రోలునకు త్రిప్పి మరికొన్ని నిమిషములు వేడెక్కనీయవలెను.

కిరసనాయిలుపై కేంద్ర ప్రభుత్వ రాయితీ 2020లో తొలగినది. చవక నూనెయను మాట పోయినది. కిరసనాయిలు దొరకని గ్రామములు ఇంజనును పెట్రోలు మీదనే నడుపుకొనవచ్చును. ఖర్చు పెరుగును గాని ఇంజనుకు హాని లేదు. అట్టి సందర్భమున పెద్ద టాంకును ఖాళీచేసి, కడిగి, ఆరబెట్టి, కుళాయి వద్ద ఆ దారిని బిరడాతో మూయవలెను. పాత కిరసనాయిలు జిడ్డు అందులో ఉంచరాదు. ఖాళీగా ఉన్నది గదాయని డీజిలు పోయుట మాత్రము కూడదు. డీజిలు కిరసనాయిలు కంటెను బరువు. ఈ ఇంజనులో సరిగా ఆవిరి కాదు, ప్లగ్గును మసిబార్చును, నూనెను పలుచన చేయును.

నెలకు ఒకసారి, పంచాయతీ సమావేశము జరుగు దినమున, ఇంజనును బయటికి తెచ్చి నీరు తోడించుచు పావుగంట నడుపుట మేము చూచిన ఒక గ్రామమున ఆచారమైనది. సభ్యులందరును అక్కడనే ఉందురు గనుక ఎవరును తప్పించుకొన వీలులేదు. ఆ ఊరివారు కుళాయి పిడి ప్రక్కన రంగు చుక్కలు పెట్టిరి: పెట్రోలునకు ఎరుపు, కిరసనాయిలునకు నీలము, మూతకు తెలుపు. ఆపిన వాని పేరు, ఆపునప్పుడు పిడి ఎరుపు దాటి తెలుపునకు వచ్చినదా లేదా అనునది ఇంజను పెట్టెలోని పుస్తకమున వ్రాసి ఉంచుదురు. చాలకాలము వాడబోనిచో పెట్రోలు దారిని కూడ మూసి, గిన్నెలోని నూనె అయిపోయి ఇంజను తనంతట తానే ఆగువరకు నడిపి, టాంకులోని పెట్రోలును తీసివేయుదురు. తుపాను హెచ్చరిక వినబడగానే క్రొత్త పెట్రోలు తెచ్చి పోయుదురు.