చేతిలోని చిల్లర చెప్పే చరిత్ర
(మన స్మారక నాణేలు – మారుతూ వచ్చిన బొమ్మలు)



వార్షికోత్సవ సంచికకు చదువుకు పనికొచ్చే వ్యాసం ఒకటి రాయమని అడిగారు. సోషల్ సబ్జెక్టు అంటే తేదీలు, రాజుల పేర్లు అని మనలో చాలామందికి భయం. ఆ చరిత్రలో కొంత భాగం రోజూ మన జేబులోనే ఉంటుంది. కిరాణా కొట్టులో తిరిగి ఇచ్చిన చిల్లరను లెక్క చూసుకుంటాం గాని, దాని మీద ఎవరి బొమ్మ ఉంది, ఎందుకు ఉంది అని చూడం. పోటీ పరీక్షలకు పనికొచ్చే సంగతులతోపాటు, మన హక్కుకు సంబంధించిన ఒక విషయం కూడా ఇందులో ఉంది. అందుకే ఈ అంశాన్ని ఎంచుకున్నాను.

స్మారక నాణెం అంటే ఏమిటి?

ఒక మహనీయుని, ఒక సంఘటనను, ఒక సంస్థను లేదా ఒక ఆశయాన్ని గుర్తుచేసుకోవడానికి ప్రభుత్వం ముద్రించే నాణేన్ని స్మారక నాణెం అంటారు. మన దేశంలో నాణేలు ముద్రించే అధికారం కేంద్ర ప్రభుత్వానిది. వాటిని జనంలోకి పంపే బాధ్యత రిజర్వు బ్యాంకుది. ఇప్పుడు అమలులో ఉన్నది 2011 నాటి నాణేల చట్టం. అంతకుముందు 1906 నాటి చట్టం ఉండేది.

స్మారక నాణేలు రెండు రకాలు. మొదటి రకం చలామణిలోకి వచ్చేవి. వీటితో పెన్ను కొనుక్కోవచ్చు, బస్సు టికెట్టు తీసుకోవచ్చు. రెండో రకం సేకరణ కోసం ముద్రించేవి. ఉదాహరణకు ఎన్.టి.రామారావు గారి శతజయంతి సందర్భంగా 2023 ఆగస్టు 28న రాష్ట్రపతి ద్రౌపది ముర్ము గారు విడుదల చేసిన 100 రూపాయల నాణెం. అందులో సగం వెండి. అది పెట్టెలో దాచుకోవడానికే గాని బజారులో ఖర్చు పెట్టడానికి కాదు. ఈ వ్యాసంలో మనం చెప్పుకునేది మొదటి రకం గురించే.

మన గడ్డ, మన నాణెం

ఏలూరు దగ్గరి పెదవేగి ఒకప్పటి వేంగి. శాలంకాయనులు, తర్వాత తూర్పు చాళుక్యులు ఏలిన చోటు. చాళుక్యుల లాంఛనం వరాహం. వారిలో మొదటి శక్తివర్మ పేరుతో ఉన్న బంగారు నాణేలు సముద్రం అవతల, బర్మాలోని అరకాన్ తీరంలో దొరికాయి. మన పెద్దవాళ్ళ మాటల్లో వినిపించే ‘వరహా’ అన్న నాణెం పేరు కూడా వరాహం బొమ్మ వల్ల వచ్చిందే.

ఇంకొక సంగతి. బ్రిటిష్ వారి కాలంలో అణా నాణెం మీద దాని విలువను ఇంగ్లీషుతోపాటు ఉర్దూ, నాగరి, బెంగాలీ, తెలుగు లిపుల్లో ముద్రించేవారు. నేడు మన నాణేల మీద సాధారణంగా హిందీ, ఇంగ్లీషు మాత్రమే కనిపిస్తాయి. తెలుగును చూడాలంటే నోటు మీది భాషల పట్టీలో, ఉర్దూకు పైన, చివరి నుంచి రెండో వరుసలో చూడాలి.

బొమ్మలు ఎలా మారాయి?

1957 ఏప్రిల్ 1న దశాంశ పద్ధతి వచ్చింది. రూపాయికి పదహారు అణాలు పోయి వంద నయాపైసలు వచ్చాయి. ఆ తర్వాతి స్మారక నాణేలను ఐదు దశలుగా విభజించుకుంటే సులువుగా గుర్తుంటాయి.

1) జాతి నాయకుల దశ: స్వతంత్ర భారతంలో తొలి స్మారక నాణేలు 1964లో మరణించిన జవహర్‌లాల్ నెహ్రూ గారివి. ఒక రూపాయి, అర్ధ రూపాయి విలువల్లో వచ్చాయి. 1969లో గాంధీజీ శతజయంతికి 20 పైసల నుంచి 10 రూపాయల వరకు నాణేలు వేశారు. అందులో 10 రూపాయలది వెండి నాణెం.

2) అన్నం దశ: 1970 నుంచి బొమ్మల్లో మనుషులు తగ్గి, తిండి, పంట వచ్చాయి. ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ ఆశయాలను ప్రచారం చేయడం ఈ నాణేల ఉద్దేశం. 1970లో ‘అందరికీ అన్నం’, 1973లో ‘ఎక్కువ ఆహారం పండించండి’, 1974లో ‘పరిమిత కుటుంబం – అందరికీ అన్నం’, 1975లో మహిళా సంవత్సరం, 1979లో బాలల సంవత్సరం. ఒక్కటి గమనించండి. వీటిలో చాలావాటిని 5, 10, 20 పైసల్లో వేశారు. రేడియో లేని ఇంటికి, పేపరు చదవలేని కూలి మనిషి చేతికి కూడా పది పైసల బిళ్ళ చేరుతుంది. అంటే ఆనాటి ప్రభుత్వం నాణేన్ని గోడ మీది పోస్టరులా వాడుకుంది.

3) పెద్ద విలువల దశ: 1982లో ఢిల్లీ ఆసియా క్రీడలకు నాణేలు వచ్చాయి. అదే ఏడాది జాతీయ సమైక్యత పేరుతో దేశ పటం, జెండా ఉన్న 2 రూపాయల నాణెం వచ్చింది. ఈ బొమ్మ ఎంతగా నచ్చిందంటే తర్వాత పదకొండు పలకల మామూలు 2 రూపాయల నాణెం మీద కూడా అదే కొనసాగింది. 1985లో ఇందిరా గాంధీ గారి బొమ్మతో పెద్ద 5 రూపాయల నాణెం వచ్చింది. 1987లో చిన్నకారు రైతులు, 1988లో వర్షాధార వ్యవసాయం రూపాయి నాణెం మీదికి ఎక్కారు.

4) ప్రాంతాలు, సంస్థల దశ: 1990ల నుంచి ఒక్కొక్క ప్రాంతం పెద్దలకు చోటు దొరికింది. 1995లో తిరువళ్ళువర్, 1996లో సర్దార్ పటేల్, 1997లో నేతాజీ, 1999లో శివాజీ, సంత్ జ్ఞానేశ్వర్, 2006లో బసవేశ్వరుడు, నారాయణ గురు. అన్నాదురై గారి శతజయంతి నాణెం మీద ఆయన తమిళ సంతకాన్నే ముద్రించారు. సంస్థలకూ చోటు దక్కింది. 2000లో సుప్రీంకోర్టు స్వర్ణోత్సవం, 2003లో రైల్వే 150 ఏళ్ళ పండుగ. ఆ రైల్వే 2 రూపాయల బిళ్ళ మీద లాంతరు పట్టుకున్న గార్డు ఏనుగు ఉంటుంది. మన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి 1931 నుంచి 1936 వరకు ఉపాధ్యక్షులుగా పనిచేసిన సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి నాణెం 2015లో వచ్చింది.

5) ఒకే గుర్తు దశ: స్వాతంత్ర్య అమృతోత్సవం సందర్భంగా 2022 జూన్ 6న 1, 2, 5, 10, 20 రూపాయల నాణేలన్నిటినీ ఒకే చిహ్నంతో విడుదల చేశారు. విలువ మారినా చిహ్నం మారదు.

ఇతర దేశాల్లో కూడా ఇలాంటివి ఉన్నాయి. అమెరికా 1999 నుంచి 2008 వరకు ఏడాదికి ఐదేసి చొప్పున 50 రాష్ట్రాల పేరిట పావు డాలరు నాణేలు వేసింది. ఐరోపాలో 2004 నుంచి స్మారక 2 యూరోల నాణేలు వస్తున్నాయి. వాటికి ఒక వైపు అన్ని దేశాలకూ ఒకటే, రెండో వైపు ఏ దేశానిది ఆ దేశానిదే.

కొల్లేరు మీద నిలబడి చూస్తే

1986లో మత్స్య పరిశ్రమ పేరుతో 50 పైసల నాణెం వచ్చింది. 1993లో జీవవైవిధ్యం పేరుతో 2 రూపాయల నాణెం వచ్చింది. 1994లో ‘జీవం కోసం నీరు’ అంటూ మరో 2 రూపాయల నాణెం వచ్చింది. ఈ మూడు నాణేలనూ పక్కపక్కన పెడితే మన కొల్లేరు కథ కనిపిస్తుంది.

చేపల చెరువుల వల్ల ఎందరికో పని దొరికింది. ఆ చెరువు గట్లే సరస్సును కమ్మేశాయి. 1999లో కొల్లేరును అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ జాబితాలో చేరింది. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరిట చెరువు గట్లు కొట్టేశారు. ఆటపాకలో గూడబాతులు గుడ్లు పెట్టుకోవాలి, లంక గ్రామాల వాళ్ళకు పూట గడవాలి. మూడు నాణేలు చెప్పిన మూడు మంచి మాటలనూ ఒకే నీటిలో ఒకేసారి నిలబెట్టడం ఎంత కష్టమో మన లంక గ్రామాల పిల్లలకు ఎవరూ చెప్పనక్కరలేదు. నాణెం ఆశయాన్ని చెబుతుంది. ఆచరణ మనుషుల చేతిలో ఉంటుంది.

బాబాసాహెబ్ రూపాయి

మన హాస్టల్ పిల్లలు ప్రత్యేకంగా తెలుసుకోవలసిన నాణెం ఇది. అంబేద్కర్ గారి శతజయంతి సందర్భంగా 1990లో ఆయన బొమ్మతో ఒక రూపాయి నాణెం వచ్చింది. అదే ఏడాది ఆయనకు భారతరత్న ప్రకటించారు. ఆయన 125వ జయంతి సంవత్సరంలో, 2015 డిసెంబరు 6న, 10 రూపాయల నాణెం విడుదల అయింది.

ఆయన బొమ్మ రూపాయి మీద ఉండటానికి ఇంకొక అర్హత కూడా ఉంది. రాజ్యాంగం రాయడానికి చాలా ఏళ్ళ ముందే ఆయన రూపాయి గురించి పరిశోధన చేశారు. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో డాక్టరేటుకు ఆయన రాసిన గ్రంథం విషయం రూపాయి సమస్యే. అది 1923లో పుస్తకంగా వచ్చింది. తర్వాత హిల్టన్ యంగ్ కమిషన్ ముందు ద్రవ్య విధానం మీద తన వాదన వినిపించారు. బడిలో గది బయట కూర్చోబెట్టిన పిల్లవాడు దేశపు డబ్బు ఎలా నడవాలో చెప్పే స్థాయికి చదువుకున్నాడు. ఆ బిళ్ళ చేతికి వచ్చినప్పుడు ఈ సంగతి గుర్తు తెచ్చుకోండి.

పది రూపాయల బిళ్ళ చెల్లదా?

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. కొన్నేళ్ళుగా మన రాష్ట్రంలో చాలా ఊళ్ళలో పది రూపాయల బిళ్ళ ఇస్తే ‘ఇది చెల్లదు, నోటు ఇవ్వు’ అంటున్నారు. కారణం ఏమిటి? బొమ్మలు ఎక్కువ కావడమే. ఒకదాని మీద రూపాయి గుర్తు ఉంటుంది, పాతదాని మీద ఉండదు. ఒకదానికి పది గీతలు, మరోదానికి పదిహేను గీతలు. ఇవి కాక స్మారక నాణేలు. దీంతో ఒక రకమే అసలు, మిగతావి నకిలీ అని పుకారు లేచింది.

నిజం ఇది: రూపాయి గుర్తును మన దేశం 2010 జూలైలో ఆమోదించింది. అంతకుముందు వేసిన నాణెం మీద ఆ గుర్తు ఎలా ఉంటుంది? రిజర్వు బ్యాంకు 2016లో ఒకసారి, 2018 జనవరి 17న మరోసారి ప్రకటన ఇచ్చింది. అప్పటికి వచ్చిన 14 రకాల పది రూపాయల నాణేలూ చెల్లుతాయని స్పష్టంగా చెప్పింది. అంబేద్కర్ గారి నాణెం కూడా చెల్లే నాణెమే. చట్టం ప్రకారం రూపాయి, అంతకు మించిన విలువ గల నాణేలతో ఒకసారికి 1000 రూపాయల వరకు చెల్లించవచ్చు. అర్ధ రూపాయి బిళ్ళలతో 10 రూపాయల వరకు చెల్లించవచ్చు. పావలా, అంతకన్నా చిన్న నాణేలు మాత్రం 2011 జూన్ 30 నుంచి చెల్లడం లేదు.

ఈ పుకారు వల్ల నష్టం ఎవరికి? పెద్ద వ్యాపారి బ్యాంకుకు వెళ్ళి మార్చుకోగలడు. గూడెం ఉల్లిపాయల మార్కెట్లో మూటలు మోసే కూలీకి, చేపల తట్ట పెట్టుకున్న అమ్మకు, ఇంటి నుంచి తెచ్చుకున్న నాలుగు బిళ్ళలతో నెలంతా గడపాలనుకునే హాస్టల్ పిల్లవాడికి పది రూపాయలు అంటే పది రూపాయలే. ఒక కొట్టులో తీసుకున్న బిళ్ళను ఇంకొక కొట్టులో తీసుకోకపోతే నష్టపోయేది చివర ఎవరి చేతిలో ఉంటే వారు. ఆ చివరి చెయ్యి ఎప్పుడూ పేదవాడిదే. కాబట్టి గొడవ పడకుండా, మర్యాదగా, రిజర్వు బ్యాంకు ప్రకటన గురించి చెప్పండి. మనం కూడా ఎవరైనా ఇస్తే కాదనకుండా తీసుకుందాం.

నాణేన్ని చదవడం నేర్చుకోండి

* సంవత్సరం కింద చూడండి. నక్షత్రం ఉంటే హైదరాబాదు టంకశాల, వజ్రం ఆకారం ఉంటే ముంబయి, చుక్క ఉంటే నోయిడా, ఏ గుర్తూ లేకపోతే కోల్‌కతా. హైదరాబాదు టంకశాల 1903లో సైఫాబాదులో మొదలైంది. తర్వాత చర్లపల్లికి మారింది.

* అయస్కాంతం దగ్గర పెట్టండి. 1992 నుంచి వచ్చిన స్టీలు రూపాయి (4.85 గ్రాములు) అంటుకుంటుంది. పాత మందపాటి 5 రూపాయల బిళ్ళ (9 గ్రాములు) రాగి, నికెల్ కలిపినది కాబట్టి అంటుకోదు. లోహం ధర పెరిగినకొద్దీ ప్రభుత్వం నాణెం బరువు తగ్గించడమో, లోహం మార్చడమో చేస్తుంది. 1990 నాటి అంబేద్కర్ రూపాయి 6 గ్రాములు ఉండేది.

* సాధారణ నాణేనికి ఒక వైపు నాలుగు సింహాలు, రెండో వైపు విలువ ఉంటాయి. స్మారక నాణేల్లో చాలావరకు సింహాల కిందికి విలువ వచ్చి, రెండో వైపు మొత్తం బొమ్మకు వదిలేస్తారు.

* పాత నాణేనికి లక్షలు ఇస్తామని ఫోన్లో వచ్చే ప్రకటనలు నమ్మకండి. ముందుగా ‘ఫీజు’ కట్టించుకుని మాయమవుతారు. రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో ఈ మోసం గురించి హెచ్చరించింది.

* నాణేలను కరిగించడం, పగలగొట్టడం చట్టరీత్యా నేరం.

చివరిగా ఒక పని అప్పగిస్తాను. ఈ నెలలో మీ చేతికి వచ్చిన ప్రతి నాణేన్ని ఒక కాగితం కింద పెట్టి పెన్సిలుతో రుద్దండి. బొమ్మ అచ్చు పడుతుంది. దాని పక్కన సంవత్సరం, టంకశాల, సందర్భం రాయండి. నాణేన్ని ఖర్చు పెట్టేసుకోండి, అచ్చును చార్టు మీద అంటించి స్టడీ హాలు గోడకు తగిలించండి. రూపాయి ఖర్చు లేకుండా మన హాస్టలుకు ఒక నాణేల ప్రదర్శన తయారవుతుంది. వచ్చే వార్షికోత్సవానికి వచ్చినప్పుడు ఆ చార్టు మీద ఎన్ని బొమ్మలు చేరాయో నేను లెక్కపెడతాను.

అందరికీ వార్షికోత్సవ శుభాకాంక్షలు. బాగా చదువుకోండి.

– ఒక పూర్వ విద్యార్థి