తాతయ్య కారుకి కొత్త దీపాలు



షువైఖ్ అనగానే మీ నాన్నలకి కారు రిపేర్లూ, విడిభాగాల దుకాణాలూ గుర్తొస్తాయి. పాతకాలపు కార్ల మ్యూజియం ఉన్నదీ అక్కడే. అది చూసి వచ్చిన రోజు మా అబ్బాయి "మన తాతయ్య అంబాసిడర్ని కూడా ఇక్కడ పెట్టొచ్చు కదా నాన్నా" అన్నాడు. అంబాసిడర్ల తయారీ 2014లో ఆగిపోయింది గానీ, రాజమండ్రిలో మా నాన్నగారి కారు మాత్రం ఇంకా తిరుగుతూనే ఉంది. వచ్చిన చిక్కల్లా దాని వెనక దీపాలతోనే. అవి మరీ మసగ్గా వెలుగుతాయి. రాత్రిపూట బ్రేకు వేస్తే వెనక వచ్చే లారీ డ్రైవరుకి కనిపించాలి కదా! అందుకని సెలవులకి వెళ్తూ ఎల్‌ఈడీ బల్బులు కొని పట్టుకెళ్ళాను.

పాత బల్బులు తీసి కొత్తవి పెట్టాను. ఇండికేటర్ వేస్తే వెలిగింది, కానీ ఆరి వెలగడం లేదు! నాన్నగారు నవ్వి, "ఏరా ఇంజనీరూ, టిక్ టిక్ ఏదిరా?" అన్నారు. తప్పు ఎక్కడుందో లెక్క వేసి చూద్దాం.

లెక్క: వాట్లని వోల్టులతో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి. ఒక వైపు ఇండికేటర్‌కి ముందొకటి, వెనకొకటి, 21 వాట్ల బల్బులు రెండు. మొత్తం 42 వాట్లు. బ్యాటరీ 12 వోల్టులు. 42 ÷ 12 = 3.5 ఆంపియర్లు. నేను పెట్టిన ఎల్‌ఈడీలు ఒక్కొక్కటి 3 వాట్లు. 6 ÷ 12 = 0.5 ఆంపియరు.

పాత ఫ్లాషర్ డబ్బాలో రెండు లోహాలు అతికించిన పట్టీ ఉంటుంది. 3.5 ఆంపియర్లు పారితే అది వేడెక్కి వంగుతుంది, కరెంటు తెగుతుంది. చల్లారగానే మళ్ళీ కలుస్తుంది. అదే టిక్ టిక్! అర ఆంపియరుకి పట్టీ వేడెక్కదు, వంగదు. అంటే పాత బల్బు వెలుగు ఇవ్వడమే కాదు, ఫ్లాషర్‌ని కూడా నడిపిస్తోందన్నమాట.

దీనికి మందు రెండు రకాలు. బల్బు పక్కన 6 ఓముల నిరోధం కలిపితే 2 ఆంపియర్లు అదనంగా పారతాయి. కానీ అది 24 వాట్ల వేడి, చెయ్యి కాలుతుంది. అంతకంటే ఎలక్ట్రానిక్ ఫ్లాషర్ మార్చడం మేలు. నేను అదే చేశాను.

ఇంకా గుర్తుంచుకోవలసినవి:

1. ముందుగా బ్యాటరీ వైరు ఊడదీయాలి.

2. ఎల్‌ఈడీ ఒకవైపే కరెంటు పారనిచ్చే డయోడు. కొన్ని పాత బ్రిటిష్ కార్లలో బాడీకి కలిపేది ధన ధ్రువం. అది చూసుకోకుండా పెడితే దీపం వెలగదు, ఎలక్ట్రానిక్ ఫ్లాషర్ కాలిపోవచ్చు.

3. ఎర్ర అద్దం వెనక ఎర్ర ఎల్‌ఈడీయే పెట్టాలి. సాధారణంగా తెల్ల ఎల్‌ఈడీ అంటే నీలి ఎల్‌ఈడీ మీద పసుపు పూత. అందులో ఎరుపు పాలు తక్కువ. (ఆ నీలి ఎల్‌ఈడీకే 2014లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది.)

4. ఆల్టర్నేటర్ ఉన్న చాలా పాత కార్లలో డాష్‌బోర్డు మీది ఛార్జింగ్ దీపాన్ని మార్చకూడదు. ఆల్టర్నేటర్ పని మొదలుపెట్టడానికి కావలసిన కరెంటు ఆ బల్బు గుండానే వెళ్తుంది. దాన్ని మారిస్తే బ్యాటరీ ఛార్జి కాకపోవచ్చు.

5. దీపం మసగ్గా ఉంటే ముందు తుప్పు పట్టిన ఎర్త్ గీకి చూడాలి. మా కారులో సగం జబ్బు అదే!

చివరికి మా అబ్బాయి ఇరవై అడుగుల వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు. తాతయ్య బ్రేకు తొక్కారు. "ఎండలో కూడా కనిపిస్తోంది తాతయ్యా!" అని అరిచాడు. పాత యంత్రంలో ఒక్క భాగం మార్చే ముందు, దాన్ని నమ్ముకుని ఇంకేమేం పనిచేస్తున్నాయో కనుక్కోవాలి. చదువుకున్న ఇంజనీరుకి ఆ పాఠం మళ్ళీ నేర్పింది ఆ టిక్ టిక్కే.

ఇంటిపని: 5 వాట్ల పార్కింగ్ బల్బులు నాలుగు వెలిగితే 12 వోల్టుల బ్యాటరీ నుంచి ఎన్ని ఆంపియర్లు పారతాయి? లెక్క తెలుగులోనే రాసి మీ టీచరుగారికి చూపించండి.