వెయ్యి కాయలకు మూడు వేల పోట్లు

అంబాజీపేటలో కొబ్బరి వలుపు ఎప్పుడైనా నిలబడి చూశారా? కాయను రెండు చేతులా పట్టి, నేలలో పాతిన గునపం మొన మీద గుచ్చి, భుజం కలిపి ఓ పక్కకి విరుస్తారు. డొక్క ఊడుతుంది. కాయకి మూడు పోట్లే అనుకున్నా, వెయ్యి కాయలకు మూడు వేలసార్లు అదే నడుము వంగాలి, అదే మణికట్టు మెలి తిరగాలి. ఆ రాత్రికి ఇంత బామ్ రాసుకుని పడుకోవడం మామూలే.

ఆ నొప్పి రాకుండా పనినీ పనిముట్టునీ మనిషికి తగ్గట్టు సరిచేసే విద్య ఎర్గోనామిక్స్. అయితే ‘ఎర్గోనామిస్ట్ కావలెను’ అనే ప్రకటన కోసం ఎదురుచూస్తే కళ్లు కాయలు కాస్తాయి. ఈ పనిలోకి వేరే వాకిళ్ల నుంచి రావాలి.

పెద్ద వాకిలి సేఫ్టీ ఆఫీసర్ ఉద్యోగం. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో వెయ్యిమంది కార్మికులుంటే ఆ పోస్టు తప్పనిసరిగా ఉండేది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత కోడ్ ఆ సంఖ్యను 500కి, ప్రమాదకర ప్రక్రియలున్న చోట 250కి దించింది. వలుపు కళ్లాల్లో అంతమంది ఉండరు. కాబట్టి ఉద్యోగం దొరికేది పెద్ద ప్లాంట్లలోనే. చెన్నైలోని రీజనల్ లేబర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఇండస్ట్రియల్ సేఫ్టీ అడ్వాన్స్‌డ్ డిప్లొమా ఉంది. చదువుతోపాటు పని అనుభవమూ చూస్తారు, నోటిఫికేషన్ చదివాకే అడుగేయండి. గల్ఫ్ వెళ్లాలనుకునే మన రాజోలు కుర్రాళ్లకు నెబోష్ భద్రతా సర్టిఫికెట్ అక్కరకొస్తుంది. బైపీసీ వాళ్లకు ఫిజియోథెరపీ, బొమ్మలు గీసే చెయ్యున్న డిగ్రీవాళ్లకు సీడ్ పరీక్ష రాసి ఐఐటీల్లో ఎం.డిజైన్ ఉండనే ఉన్నాయి.

సర్టిఫికెట్ కంటే ముందు చూపు రావాలి. 1993లో నాటింగ్‌హామ్ పరిశోధకులు ‘రూలా’ అనే పద్ధతి ప్రకటించారు. మెడ, నడుము, చేయి ఎంత వంగాయో చూసి 1 నుంచి 7 దాకా మార్కులు వేస్తారు. 7 పడిందంటే పని తీరు వెంటనే మార్చాలి. కార్మికుణ్ణి అడిగి ఫోన్‌లో పది నిమిషాలు వీడియో తీసుకోండి. ఆపి ఆపి చూస్తూ కాగితం మీద మార్కులు వేయండి. ఇంటర్వ్యూలో ఆ కాగితం చూపించినవాడికి వేరే పరిచయం అక్కర్లేదు.

భీమవరం వైపు రొయ్యల ప్లాంటు చూసే వీలుంటే పోల్చుకోండి. రొయ్య తోలు తీయడం వేళ్ల పని, బల్ల మోచేతి ఎత్తుకి దగ్గరగా ఉండాలి. వలుపులో ఒంటి బరువు మోపాలి, కాబట్టి మోచేతికి కాస్త దిగువనే బలం కుదురుతుంది. పైగా రొయ్యల దగ్గర ఐసు నీళ్లు. చల్లబడిన వేళ్లకి పట్టు చాలక మరింత గట్టిగా బిగిస్తారు.

‘మధ్యమధ్యలో విశ్రాంతి తీసుకోండి’ అని మాత్రం సలహా ఇవ్వకండి. వలుపు కూలి కాయల లెక్కన వస్తుంది, ఆగితే కూలి తెగుతుంది. మిమ్మల్ని చూసి నవ్వుకుంటారు. వేగం తగ్గకుండా వంపు తగ్గే ఉపాయం చెబితేనే వింటారు. కేరళ వ్యవసాయ విశ్వవిద్యాలయం మీటతో వలిచే ‘కేరమిత్ర’ తయారుచేసింది. అది మన కళ్లంలో ఓ రోజు వాడించి, గంటకెన్ని కాయలు తేలాయో గునపం లెక్క పక్కన రాసుకుంటే మీ తొలి ప్రాజెక్టు అదే.

ముందుగా ఓ టేపు తీసుకెళ్లండి. ఆరడుగుల మనిషీ అయిదడుగుల మనిషీ ఒకే గునపం మీద వలుస్తుంటే, దాన్ని ఎవరి నడుము కొలతకి పాతారో అడగండి.