హాస్కెల్ కంపైలర్ దోషములు – కారణ నిర్ణయము, నివారణము

మనము వ్రాసిన ప్రోగ్రామును యంత్రభాషలోనికి మార్చు సాధనమునకు కంపైలర్ అని పేరు. అది ప్రోగ్రామును అంగీకరింపక తిప్పి పంపినప్పుడు క్రొత్త విద్యార్థి రెండు విధములుగా పొరబడుచుండును. సందేశమును చదువకయే ప్రోగ్రామును తోచినట్లెల్ల మార్చుట మొదటిది. తన బుద్ధియందే లోపమున్నదని నిరాశ చెందుట రెండవది. మొదటిదానివలన కాలము పోవును; రెండవదానివలన చదువే పోవును.

మా ప్రయోగశాలలో ఒక విద్యార్థి మూడు వారములు ఒకే ప్రోగ్రాముతో కుస్తీపట్టెను. పాఠ్యగ్రంథములోని ఉదాహరణను పొల్లుపోకుండ ఎక్కించినను కంపైలర్ ఒప్పుకొనలేదు. "ఈ సబ్జెక్టు నా తలకెక్కదు సార్, ప్రాజెక్టు మార్చుకొందును" అని మా వద్దకు వచ్చెను. పరిశీలింపగా తప్పు ఆ బాలునిది కాదు. పుస్తకము 2015కు ముందు అచ్చైనది, కంపైలర్ అటుతరువాతిది. అట్టి నిరాశ మరియొకరికి కలుగకుండుటకే ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

భాషా పరిచయము

ఫంక్షనల్ భాషలో ప్రోగ్రాము అనగా గణితశాస్త్రములోని ప్రమేయముల వంటి ఫంక్షన్ల కూర్పు. ప్రతి విలువకు ఒక టైపు ఉండును: సంఖ్య, అక్షరమాలిక, జాబితా ఇత్యాదులు. హాస్కెల్ ఇట్టి భాష. 1987లో అమెరికాలోని పోర్ట్‌లండ్ నగరమున జరిగిన సదస్సులో దీని రూపకల్పనకు కమిటీ ఏర్పడినది; 1990లో తొలి నిర్వచన పత్రము వెలువడినది. తర్కశాస్త్రజ్ఞుడైన హాస్కెల్ కర్రీ (1900–1982) పేరు దీనికి పెట్టిరి. నేడు అధికముగా వాడుకలోనున్న కంపైలర్ స్కాట్లండులోని గ్లాస్గో విశ్వవిద్యాలయమున పుట్టినది. దానిని జీహెచ్‌సీ అందురు. లైబ్రరీలను సమకూర్చి ప్రోగ్రామును కట్టు సాధనము కేబల్.

ప్రోగ్రాము నడచి ఫలితమిచ్చుటకు ఐదు గడపలు దాటవలెను: లైబ్రరీల పొందిక, మాడ్యూళ్ల అన్వేషణ, టైపుల పరీక్ష, లింకు, నడక. ఏ గడప వద్ద ఆగినదో తెలిసికొన్నచో సగము చిక్కు తీరినట్లే. ఒక గడప వద్ద చేయవలసిన చికిత్స మరియొక గడప వద్ద పనికిరాదు.

1. లైబ్రరీల పొందిక

ప్రతి లైబ్రరీయు తనకు కావలసిన ఇతర లైబ్రరీలను, వాని వెర్షను హద్దులను ముందుగా ప్రకటించును. ఆ హద్దులన్నియు ఏకకాలమున పొసగనిచో "ఆధారములను పరిష్కరింపలేకపోతిని" అను అర్థముగల సందేశము వచ్చును. అప్పటికింకను మన ప్రోగ్రాములోని ఒక్క వరుసనైనను కంపైలర్ చదువలేదు! కావున ప్రోగ్రామును దిద్దుట వ్యర్థము.

ఇచ్చట ముఖ్యముగా గమనింపవలసినది బేస్ అను మూల లైబ్రరీ. అది కంపైలరుతోడనే వచ్చును. జీహెచ్‌సీ 7.10తో వచ్చినది బేస్ 4.8; జీహెచ్‌సీ 8.4తో వచ్చినది బేస్ 4.11. ఒక లైబ్రరీ "4.8కు లోపలి బేస్ మాత్రమే కావలెను" అన్నచో 8.4 కంపైలరుతో దానికి పొత్తు కుదరదు. అప్పుడు ఆ లైబ్రరీ యొక్క క్రొత్త వెర్షనునైనను తెచ్చుకొనవలెను, లేదా దానికి తగిన పాత కంపైలరునైనను వాడవలెను. హద్దులను బలవంతముగా సడలించు మార్గము కేబల్‌లో కలదు గాని, నిజముగా పొసగని లైబ్రరీ తరువాతి గడప వద్ద తప్పక ఆగును.

పూర్వము ఒక ప్రోగ్రామునకై తెచ్చిన లైబ్రరీ మరియొక ప్రోగ్రామును చెరచుచుండెడిది. దానిని "కేబల్ నరకము" అని పరిహసించెడివారు. 2019లో వచ్చిన కేబల్ 3.0 నుండి ఒక ప్రాజెక్టు లైబ్రరీలు మరియొక దానికి అడ్డుపడని పద్ధతి సహజ పద్ధతిగా నిలిచినందున ఈ బాధ చాలవరకు తగ్గినది.

2. కనబడని మాడ్యూల్

"మాడ్యూల్ దొరకలేదు" అను సందేశము కనబడగానే లైబ్రరీ లేదని తలంపరాదు. డేటా-మ్యాప్ అను మాడ్యూల్ కంటైనర్స్ అను ప్యాకేజీలో నున్నది. రెండింటి పేర్లును వేరు. ప్యాకేజీ యంత్రమునందే యున్నను మన ప్రాజెక్టు పత్రములో దాని పేరు చేర్చనిచో కంపైలర్ దానిని మరుగున ఉంచును. సందేశములోని చివరి వాక్యము సాధారణముగా ఆ ప్యాకేజీ పేరును కూడ చెప్పును. దానిని ఆధారముల జాబితాలో చేర్చిన చాలును.

3. టైపుల పరీక్ష

విద్యార్థులు ఎక్కువగా నిలిచిపోవునది ఈ గడప వద్దనే. ఇచ్చట మూడు సంగతులు తెలియవలెను.

మొదటిది సందిగ్ధత. మన కళాశాలలో ఉర్దూ, తెలుగు రెండును వినబడును గనుక ఒక పోలిక చెప్పెదము. ఉర్దూలో "కల్" అను మాటకు నిన్న అనియు, రేపు అనియు అర్థము. "కల్ ఆయా" అన్నచో నిన్న వచ్చెననియు, "కల్ ఆయేగా" అన్నచో రేపు వచ్చుననియు క్రియను బట్టి గ్రహింతుము. ఒంటిగా "కల్" అని కాగితముపై వ్రాసి తెలుగు చేయుమన్నచో ఎంతటి పండితుడును చేయలేడు. హాస్కెల్‌లో రీడ్ అను ఫంక్షన్ అక్షరమాలికను విలువగా మార్చును. షో అను ఫంక్షన్ విలువను మరల అక్షరమాలికగా మార్చును. రెండింటిని వెంటవెంటనే ప్రయోగించినచో మధ్యనున్న విలువ పూర్ణసంఖ్యయో, దశాంశసంఖ్యయో తెలియదు. కంపైలర్ సందిగ్ధమని చెప్పును. కావలసిన టైపును మనము వ్రాసినచో సందేహము తీరును.

రెండవది దోషస్థానము. కంపైలర్ చూపు వరుస వైరుధ్యము బయటపడిన చోటు; పొరపాటు జరిగిన చోటు వేరుగా ఉండవచ్చును. హిండ్లీ 1969లోను, మిల్నర్ 1978లోను ప్రకటించిన పద్ధతి ననుసరించి కంపైలర్ టైపులను ఊహించుచు పోవును గనుక, ఒక చోటి పొరపాటు పది వరుసల తరువాత తేలవచ్చును. దీనికి మందు ఒక్కటే: ప్రతి ముఖ్య ఫంక్షన్‌కును టైపు ప్రకటనను ముందుగా వ్రాయుట. అప్పుడు దోషము ఆ ఫంక్షన్ ఎల్లలు దాటి పోజాలదు. అనుమానమున్న చోట అండర్‌స్కోరు గుర్తు నుంచినచో, అచ్చట ఏ టైపు కావలెనో కంపైలరే చెప్పును.

మూడవది పుస్తకమునకు, కంపైలరుకు గల వయోభేదము. 2015లో వచ్చిన జీహెచ్‌సీ 7.10 నుండి మొనాడ్‌గా ప్రకటింపబడు ప్రతి టైపును ముందుగా ఫంక్టర్, అప్లికేటివ్ అను రెండు తరగతులలో చేరియుండవలెను. 2018లో వచ్చిన 8.4 నుండి మొనాయిడ్‌కు ముందు సెమీగ్రూప్ అవసరమైనది. 2019లో వచ్చిన 8.8లో ఫెయిల్ అను ఫంక్షన్ మొనాడ్ నుండి వేరై మొనాడ్-ఫెయిల్ అను తరగతికి మారినది. మా విద్యార్థి గ్రంథములో ఫంక్టర్, అప్లికేటివ్ ప్రకటనలు లేవు. ఆ రెండింటిని చేర్చగానే అతని ప్రోగ్రాము ఆ మధ్యాహ్నమే నడచినది.

ఇంకొక చిక్కు. కంపైలర్ కొన్నిసార్లు ఒకే పేరుగల రెండు టైపులు పొసగుట లేదనును. తెలుగులో షికారు వెళ్లుట అనగా సరదాగా తిరిగివచ్చుట. ఉర్దూలో షికార్ అనగా వేట. పేరొకటి, అర్థము వేరు. అట్లే ఒక లైబ్రరీ యొక్క రెండు వెర్షనులలోని ఒకే పేరు టైపులు కంపైలర్ దృష్టిలో వేర్వేరు టైపులు. లైబ్రరీలను చేతితో విడివిడిగా స్థాపించువారికి ఇది ఎదురగును. ఒకే వెర్షను ఉండునట్లు చూచుటయే పరిష్కారము.

4. లింకు

టైపులన్నియు సరిపడిన పిదప "ఎల్-జీఎంపీ దొరకలేదు" అని వచ్చినచో అది హాస్కెల్ దోషము కాదు. జీఎంపీ మహాసంఖ్యల గణనకై సీ భాషలో వ్రాయబడిన లైబ్రరీ. ఉబుంటు వంటి వ్యవస్థలలో లిబ్-జీఎంపీ-డెవ్ అను ప్యాకేజీని స్థాపించినచో తీరును.

5. నడక

కంపైలర్ మౌనము ప్రోగ్రాము సత్యమునకు సాక్ష్యము కాదు. 7.10 నుండి లెంగ్త్ అను ఫంక్షన్ జాబితాలకే గాక జతలకును వర్తించును. 3, 4 అను రెండు సంఖ్యల జతకు అది 1 అని సమాధానమిచ్చును! అట్లే ఫోల్డ్-ఎల్‌తో పెద్ద జాబితాను కూడినచో చేయవలసిన లెక్కలు పేరుకొని మెమరీ నిండవచ్చును. డేటా-లిస్ట్ మాడ్యూలులో అదే పేరుకు చివర చిన్న గీత గల ఫంక్షన్ ఎప్పటి లెక్క అప్పుడు చేయును.

విద్యార్థులకు నియమములు

సందేశములు ఎన్ని వచ్చినను మొదటిదానిని పూర్తిగా చదువుడు. తక్కినవానిలో కొన్ని దాని సంతానమే. ఒకసారికి ఒక్క మార్పు మాత్రమే చేయుడు. దోషము నిలిచియుండునంత చిన్నదిగా ప్రోగ్రామును కుదింపుడు. కంపైలర్ వెర్షను, లైబ్రరీల వెర్షనులు నోటుపుస్తకములో వ్రాసికొనుడు. అవి లేక ఎవరిని అడిగినను సరియైన సమాధానము రాదు.

కమిటీ పెద్దలకు విన్నపము

ప్రయోగశాలలోని యంత్రములన్నింట ఒకే వెర్షను కంపైలర్ ఉండునట్లు ఏర్పాటు చేయ ప్రార్థన. కేబల్‌లోని ఫ్రీజ్ ఆజ్ఞ లైబ్రరీల వెర్షనులను ఖచ్చితముగా వ్రాసియుంచును. ఆ పత్రమును తరగతి అంతటికి ఒకటే ఇచ్చినచో ఒక యంత్రమున నడచినది మరియొక దానిపై ఆగు బాధ మిక్కిలి తగ్గును. గ్రంథాలయమునందలి 2015కు పూర్వపు హాస్కెల్ పుస్తకములలో పైన చెప్పిన మూడు మార్పులను తెలుపు చీటీ అతికించిన మరింత మేలు. దానికగు ఖర్చు కొద్దిపాటి కాగితము, జిగురు మాత్రమే. దానివలన నిలుచునది ఒక విద్యార్థి ఆత్మవిశ్వాసము.