బూర్గుల రామకృష్ణారావు: ఎన్నికైన తొలి ముఖ్యమంత్రి

అమెరికా తొలి అధ్యక్షుడు జార్జ్ వాషింగ్టన్ పదవీకాలం (1789–97) కొల్లాపూర్‌లో పోటీ పరీక్షలు రాసే అభ్యర్థులకు కంఠతా వచ్చు. అదే ఉమ్మడి పాలమూరు జిల్లా నుంచి హైదరాబాద్ రాష్ట్రానికి ఎన్నికైన తొలి ముఖ్యమంత్రి ఎవరంటే మాత్రం కొందరు వెల్లోడి పేరు రాసి వస్తారు. ఎం.కె. వెల్లోడి 1950లో కేంద్రం నియమించిన ముఖ్యమంత్రి, ఐసీఎస్ అధికారి. 1952 ఎన్నికల్లో షాద్‌నగర్ నుంచి గెలిచి, మార్చి 6న ముఖ్యమంత్రి అయినవారు బూర్గుల.

1899లో కల్వకుర్తి ప్రాంతంలోని పడకల్లులో పుట్టారు. అసలు ఇంటిపేరు పుల్లంరాజు, బూర్గుల ఊరిపేరు. పుణె ఫెర్గూసన్ కళాశాలలో చదివి, హైదరాబాద్‌లో వకీలుగా పేరు తెచ్చుకున్నారు. పి.వి. నరసింహారావు ఆయన దగ్గర జూనియర్. 1931లో దేవరకొండలో జరిగిన రెండో ఆంధ్ర మహాసభకు అధ్యక్షులు. మొదటిదైన జోగిపేట సభకు (1930) సురవరం ప్రతాపరెడ్డి. ఈ రెండింటినీ తారుమారు చేసి అడగడం పరీక్షకులకు సరదా.

బూర్గుల వెల్లోడి మంత్రివర్గంలో రెవెన్యూ శాఖ చూశారు. 1950 కౌలుదారీ చట్టం ఆ కాలానిదే. ముఖ్యమంత్రిగా ఉండగానే 1952లో స్థానికులకే ఉద్యోగాలు కోరిన ముల్కీ ఉద్యమం, సిటీ కాలేజీ దగ్గర పోలీసు కాల్పులు జరిగాయి. ఆ కాల్పులు ఆయన పాలనపై చెరగని మచ్చ.

1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక కేరళ గవర్నరయ్యారు. 1959లో అక్కడి ముఖ్యమంత్రి ఈఎంఎస్ నంబూద్రిపాద్ ప్రభుత్వం రద్దయినప్పుడు గవర్నర్‌గా ఉన్నది ఆయనే. తర్వాత ఉత్తరప్రదేశ్ గవర్నర్ (1960–62). సౌందర్యలహరిని తెలుగు చేసిన కవి కూడా. 1967లో మరణించారు.