గదిలో సోదా – స్నేహితుడి ‘సరే’ చెల్లుతుందా?



హాస్టల్ దాటాక మనలో చాలామంది మదనపల్లెలోనో, పుంగనూరులోనో, కుప్పంలోనో ఇద్దరు ముగ్గురు కలిసి గది అద్దెకు తీసుకుంటాం. గది ఒకటే, పొయ్యి ఒకటే. ట్రంకుపెట్టె మాత్రం ఎవరిది వారిదే. మనం కాలేజీకి పోయినప్పుడు పోలీసులు వచ్చి, గదిలో ఉన్న స్నేహితుణ్ణి “చూడవచ్చా?” అని అడిగారనుకోండి. అతను భయపడి “చూసుకోండి సార్” అన్నాడు. ఆ ఒక్క మాటతో మన పెట్టె తాళం కూడా తీయించవచ్చా?

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేను. పోలీస్ స్టేషన్ పేరు వింటేనే వణికే ఇళ్ళ నుంచి వచ్చాం మనం. అందుకే ఈ పాఠం మనకు అవసరం.

2024 జులై 1 నుంచి పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అమలులోకి వచ్చింది. అందులో ‘గదిలోని తోటివాడి అనుమతి’ అనే సెక్షన్ లేదు. సోదా అధికారం ముఖ్యంగా రెండు దారుల్లో వస్తుంది. ఒకటి, కోర్టు ఇచ్చే సోదా వారంటు. రెండు, 185వ సెక్షన్. వారంటు తెచ్చేలోపు ఆలస్యమవుతుందని నమ్మే కారణం ఉంటే, దర్యాప్తు అధికారి ఆ కారణాన్ని, వెదికే వస్తువును కాగితం మీద రాసి సోదా చేయవచ్చు. ఆ కాగితాల ప్రతులు 48 గంటల్లోగా మేజిస్ట్రేటుకు చేరాలి. అడిగితే గదిలో ఉండేవారికి ప్రతి ఉచితంగా ఇవ్వాలి.

అంటే, చట్టప్రకారం వచ్చినప్పుడు మనం వద్దన్నా సోదా ఆగదు. అలా రానప్పుడు స్నేహితుడు తన వస్తువులు చూపించవచ్చు, ఉమ్మడి పొయ్యి, చాప చూపించవచ్చు. నా పెట్టె మీద అతనికి లేని హక్కును అతను ఇంకొకరికి ఎలా ఇస్తాడు?

దీనికి దగ్గరి తీర్పు మన రాష్ట్రం నుంచే వచ్చింది. 1986లో ఆంధ్రప్రదేశ్ స్టాంపుల చట్టం 73వ సెక్షన్‌ను సవరించి, కలెక్టర్ అధికారమిచ్చిన ఏ వ్యక్తి అయినా కాగితాలు తనిఖీ చేయవచ్చని రాశారు. హైకోర్టు దాన్ని కొట్టివేసింది. హైదరాబాద్ జిల్లా రిజిస్ట్రార్, కెనరా బ్యాంకు కేసులో 2004లో సుప్రీంకోర్టు హైకోర్టు తీర్పునే నిలబెట్టింది. గోప్యత హక్కు మనిషిది, స్థలానిది కాదని చెప్పింది. మన కాగితం బ్యాంకు చేతిలో ఉన్నా మన గోప్యత పోదు. అలాంటప్పుడు స్నేహితుడి పక్కన ఉన్న పెట్టెకు మాత్రం ఎందుకు పోవాలి? 2017లో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కేనని తేల్చింది.

అయితే ఒక హెచ్చరిక. సోదా అక్రమమైనంత మాత్రాన దొరికిన సాక్ష్యం దానంతట అదే చెల్లకుండా పోదని 1973లో పూరన్‌మల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి ఆ సమయంలోనే జాగ్రత్త అవసరం.

గుర్తుంచుకోవలసినవి:

1. తలుపుకు అడ్డం నిలబడవద్దు, వాదులాడవద్దు. “వారంటు ఉందా సార్, 185 కింద వచ్చారా?” అని మర్యాదగా అడగండి.

2. “ఇది నాది, ఆ పెట్టె నా స్నేహితుడిది, అతన్ని పిలిపించండి” అని స్పష్టంగా చెప్పండి.

3. 103వ సెక్షన్ ప్రకారం ఆ ప్రాంతంలోని ఇద్దరు పెద్దమనుషులైనా సాక్షులుగా ఉండాలి. గదిలో ఉండేవారు సోదా చూడవచ్చు. ఆడపిల్లను ఒంటిమీద సోదా చేయవలసి వస్తే మహిళే, మర్యాదకు భంగం లేకుండా చేయాలి.

4. 105వ సెక్షన్ ప్రకారం సోదాను వీడియో తీయాలి.

5. జప్తు జాబితా ప్రతి అడిగి తీసుకోండి. ఖాళీ కాగితం మీద సంతకం పెట్టవద్దు.

6. 1987 న్యాయసేవల చట్టం ప్రకారం ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయసహాయం ఉంది.

అకారణ సోదాల నుంచి ప్రజల ఇళ్ళకు, కాగితాలకు రక్షణ ఉండాలని బాబాసాహెబ్ అంబేడ్కర్ 1947 మార్చిలోనే తన ముసాయిదాలో రాశారు. ఆ మాట రాజ్యాంగంలో చేరలేదు. డెబ్భై ఏళ్ళ తర్వాత న్యాయస్థానం గోప్యతను హక్కుగా గుర్తించింది. తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఈ ఆరు మాటలు మీ గదిలోని వారందరికీ ఈ రోజే చదివి వినిపించండి. మీరు గదిలో లేనప్పుడు మీ తరఫున మాట్లాడవలసింది వారే.