పైథాన్‌లో సాకెట్ దోషములు – పరిష్కారము, పరీక్ష

2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస సమీపమున తీరము దాటినది. ఉద్దానపు కొబ్బరి, జీడితోటలు నేలకొరిగినవి. విద్యుత్తు, టెలిఫోను సౌకర్యములు స్తంభించినవి. కావున సంబంధము తెగినపుడు కంప్యూటరు ప్రోగ్రాము ఎట్లు నడువవలెనను ప్రశ్న మన కోటబొమ్మాళి విద్యార్థులకు కేవలము పాఠ్యవిషయము కాదు.

రెండు ప్రోగ్రాములు నెట్‌వర్కుపై మాటలాడుకొనుటకు గల ద్వారమే సాకెట్. సేవ కోరునది క్లయింటు, అందించునది సర్వరు. సంబంధము చెడినపుడు పైథాన్ తెలుపు దోషములు ఓఎస్‌ఎర్రర్ అను కుటుంబమునకు చెందినవి. వానిలో మూడింటిని వేరుగా గుర్తింపవలెను.

మొదటిది కనెక్షన్ రెఫ్యూజ్డ్. ఆ పోర్టునందు వినువారు లేరు. మన సమాచారము చేరలేదనుట నిశ్చయము. రెండవది టైమౌట్, గడువులోగా జవాబు రాలేదు. మూడవది కనెక్షన్ రీసెట్; సంబంధము నడుమ తెగినది. సమాచారము పంపిన పిదప ఈ రెండింటిలో ఏది సంభవించినను, అది చేరినదో లేదో క్లయింటు ఎరుగదు. తాళము వేసిన యింటికి ఉత్తరము అందలేదని తెలియును. పోస్టు చేసిన ఉత్తరమునకు జవాబు రాకున్న ఏమియు తెలియదు.

ఒక రైతు 40 కొబ్బరిచెట్ల నష్టమును పంపు ప్రోగ్రామును ఊహింతము. దోషమును కప్పిపుచ్చిన లెక్క 0 కావచ్చును. గ్రుడ్డిగా మరల పంపిన 80 కావచ్చును. కావున ప్రతి నమోదునకు ఒక ప్రత్యేక సంఖ్య నొసగవలెను; అదే సంఖ్య రెండవసారి వచ్చినచో సర్వరు దానిని లెక్కింపరాదు. ఇక గడువు మనము విధింపనిచో సాకెట్ జవాబుకై అంతులేక వేచియుండును. 5 సెకనుల వంటి గడువు నియమింపవలెను. 1, 2, 4 సెకనుల విరామముతో మరల యత్నించి, అప్పటికిని కాకున్న ఆ సంగతి వాడుకరికి స్పష్టముగా తెలుపవలెను.

దీనిని పరీక్షించుటకు నెట్‌వర్కు చెడువరకు ఆగనక్కరలేదు. యూనిట్‌టెస్ట్‌లోని మాక్ సహాయమున తొలి రెండు యత్నములు రెఫ్యూజ్డ్ దోషమును, మూడవది విజయమును ఇచ్చునట్లు చేయవచ్చును. పిదప 127.0.0.1 చిరునామాపై, పోర్టు 0 అని కోరి, ఖాళీ పోర్టునందు చిన్న సర్వరును నడుపవలెను. అది నమోదును స్వీకరించి, జవాబీయక సాకెట్‌ను మూయవలెను. ఇచట దోషమే రాకపోవచ్చును; క్లయింటునకు ఖాళీ బైట్లు మాత్రమే అందును. దీనినికూడ వైఫల్యముగా గ్రహించి, అదే సంఖ్యతో మరల పంపినపుడు సర్వరునందు ఒకే నమోదు, 40 చెట్లే ఉన్నచో పరీక్ష నెగ్గినట్లు.

విద్యార్థులు ఈ రెండు పరీక్షలను స్వయముగా వ్రాసి చూతురని ఆశించుచున్నాము.